కారణం వచ్చేదాకా

ఈదన్న మనసులో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. తాడు తన చేతుల్లోంచి జారిందా, తనే వదిలాడా?

ఆ ప్రశ్న అర్థం కావాలంటే ముందు తేనె సంగతి చెప్పాలి. నల్లమలలో పెద్ద తేనెపట్లు చెట్లకు తక్కువ, కొండచరియలకు ఎక్కువ. నిలువునా తెగిన రాతిగోడకు నడిమధ్యన, మనిషికీ ఎలుగుబంటికీ అందని చోట వేలాడుతుంటాయి. వాటిని తియ్యాలంటే పైనుంచి తాడు మీద దిగాలి. చెంచులు ఆ తాడును చెట్ల నారతో వాళ్లే పేనుకుంటారు. ఒకడు నడుముకు కట్టుకుని, పొగపెట్టే ఆకుకట్ట పట్టుకుని దిగుతాడు. ఇంకొకడు పైన నిలబడి పట్టుకుంటాడు.

పట్టుకునేవాడు ఎవడు పడితే వాడు కాకూడదు. దిగేవాడి భార్యకు అన్నో తమ్ముడో అయి ఉండాలి. ఈదన్న వాళ్ల గూడెంలో సొంత అన్నదమ్ముడికి కూడా ఆ తాడు ఇచ్చేవాళ్లు కారు. అన్నదమ్ముల మధ్య పంపకాలుంటాయి, స్నేహితుల మధ్య ఇంకేదో ఉంటుంది. బావమరిది మాత్రం వదలడు. వదిలితే విధవ అయ్యేది తన తోడబుట్టిందే. నేను డిగ్రీలో తర్కశాస్త్రం ఒక పేపరుగా చదివాను. ఇంతకంటే గట్టి తర్కం అందులో ఎక్కడా తగల్లేదు.

ఈదన్న అలాగే తన చెల్లెలు గురవమ్మ మొగుడికి తాడు పట్టాడు. ఆ బావ పేరు బయ్యన్న. తేనెకు పోయే ముందురోజు బయ్యన్న తాగొచ్చి గురవమ్మను కొట్టాడు. పొద్దున ఈదన్న చూసేసరికి చెల్లెలి చెంప కమిలి ఉంది. అయినా తేనె ఆగదు కదా, ఇద్దరూ బయల్దేరారు. బయ్యన్న దిగాడు. ఈదన్న పాదాలు బండకు తన్నిపెట్టి తాడు బిగించి పట్టుకున్నాడు. పట్టుకుని, 'వీడు పడితే పీడ పోను' అనుకున్నాడు.

తాడు పోయింది.

అనుకున్నాక జారిందో, జారుతుంటే అనుకున్నాడో, అనుకోవడం వల్లనే వేళ్లు విచ్చుకున్నాయో అతనికి తెలియదు. తొంగి చూశాడు. కింద బయ్యన్న కదల్లేదు. ఈదన్న అడవిలో పడి పారిపోయాడు. బయ్యన్న చనిపోయాడు. ఈదన్న వదిలాడని గూడెం అంది. పోలీసులూ అదే రాసుకున్నారు.

ఇదంతా మా పెదనాన్న చెప్పగా విన్నదే. ఆయన అప్పట్లో ఆ అడవిలో ఫారెస్టు గార్డు. కానిస్టేబుళ్లు నిక్కర్లూ ఎర్రటోపీలూ వేసుకునే కాలం. పెదనాన్న కథల్లో తరచుగా పులి వచ్చేది. పులి వచ్చిన దగ్గర్నించి ఆయన మాట నమ్మక్కర్లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈ కథలో పులి లేదు.

ఈదన్న తిరిగి తిరిగి చేరింది కంబళి సామి ఉండే చరియకు. సామికి చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. ఒంటిమీద ఎప్పుడూ ఒక నల్ల కంబళి. ఎండాకాలంలో కూడా ఎందుకు సామీ అంటే, తీసి ఎక్కడన్నా పెడితే చలికాలంలో మళ్లీ ఎవడు వెతుకుతాడు అనేవాడట. ఎక్కడివాడో, ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలీదు. గొర్రెల కాపరులు అటు పోయినప్పుడు జొన్నలో కొర్రలో పెట్టి, ఒక దణ్ణం పెట్టి పోయేవాళ్లు.

ఆయన ఉండే బండల నడిమి కొట్టానికి కిందుగా, రాతి నెరియలో ఒక ఊట ఉంది. ఊట పక్కన ఒక లింగం. రోజూ పొద్దున సామి తాడు మీద అక్కడికి దిగి, లింగానికి నీళ్లు పోసి, సొరబుర్ర నింపుకుని పైకొచ్చేవాడు. తాడు ఒక కొస నల్లమద్ది చెట్టుకు, రెండో కొస ఆయన నడుముకు.

ఈదన్న అక్కడికి చేరడానికి కారణం భక్తి కాదు. కళ్లు లేనివాడు ఎవరికీ వేలెత్తి చూపించలేడు, అంతే. పైన బండల చాటున దాక్కుని, సామి ఊటకు దిగినప్పుడు వచ్చి కుండలో సంగటి కొంచెం తీసుకుని తిని పోయేవాడు. గుడ్డాయనకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు.

ఒకనాటి పొద్దున సామి దిగబోతూ ఆగి, బండల వైపు మొహం తిప్పాడు.

"నాయనా, ఇయ్యాల సంగటిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా. గూట్లో ఉంది, కలుపుకో."

ఈదన్న బయటికి వచ్చాడు.

అప్పట్నించి ఇద్దరూ ఒకే కుండలో తిన్నారు. సామి అతని పేరు అడగలేదు, ఊరు అడగలేదు. కానీ అడగనిదంటూ ఇంకేమీ లేదంటారు. నెమలి ఆడేటప్పుడు కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుంది? చెట్టు నీడ చెట్టంత ఉంటుందా? ఒకసారి పొగ ఎలా ఉంటుందో చెప్పమన్నాడు. వాసన తెలుసు, మంట తెలుసు, పొగ చూడ్డానికి ఎలా ఉంటుందో తెలీదు. ఈదన్న సగం పొద్దు ఆలోచించి, దారి తెలీని మనిషి నడిచినట్టు ఉంటుంది సామీ అన్నాడు. ఆ మాటకు సామి చాలాసేపు సంతోషపడ్డాడట.

అటువంటి రోజుల్లో ఎవరో కాపరి చిన్న ముంతలో తేనె పెట్టిపోయాడు. సామి ముంతను ఈదన్న వైపు జరిపాడు. ఈదన్న దాన్ని దూరంగా నెట్టాడు. చెంచువాడు తేనె వద్దనడం ఏమిటని సామి అడగలేదు. ఊరికే అటు చెవి పెట్టి కూర్చున్నాడు. అప్పుడు ఈదన్న మొత్తం చెప్పుకొచ్చాడు. చెల్లెలి చెంప, బావ దిగడం, తను అనుకున్న మాట, తాడు పోవడం. చివరికి అడిగాడు, జారిందా సామీ, వదిలినానా?

"చేతులియ్యి," అన్నాడు సామి.

రెండు అరచేతులూ తడిమి చూశాడు. తాడు ఒరుసుకుపోయిన చోట తోలు లేచిపోయి పచ్చిపుండుగా ఉంది. అడవిలో ఏ పుండుకు ఏ ఆకు కట్టాలో పుట్టుకతో తెలిసినవాడివి, నీ చేతులకు నువ్వు ఎందుకు కట్టుకోలేదని అడిగాడు. తాడు కోసుకుపోయిందంటే పట్టుకున్నట్టే కదా అని మనకు అనిపిస్తుంది. ఈదన్నకు అదీ అనిపించింది. కానీ వదిలాక భయమేసి మళ్లీ పట్టుకున్నానేమో అని దాని వెంటే ఇంకో మాట అనిపించింది. మనసు కోర్టు కంటే గట్టిది, ఏ సాక్ష్యాన్నీ ఒప్పుకోదు.

"ఇవి మాననీ. అప్పుడు చూద్దాం," అన్నాడు సామి.

ఈదన్న ఆకు తెచ్చి నూరి కట్టుకున్నాడు. సామి అప్పుడప్పుడు చేతులు తడిమి చూసేవాడు. ఒక పొద్దున తడిమి, తల ఊపి, లేచి నల్లమద్ది దగ్గరకు పోయి తాడు ముడి విప్పాడు. విప్పిన కొస తెచ్చి ఈదన్న చేతిలో పెట్టాడు.

ఈదన్న వెనక్కి తగ్గాడు. చెట్టుకే కట్టమని, తన చేతికి మాత్రం ఇవ్వొద్దని బతిమాలాడు.

"అడిగింది నువ్వు గదా. చెట్టు అడగలేదు," అని సామి అంచు దాటి దిగాడు.

దిగాక ఇక చేసేదేముంది. ఈదన్న పాదాలు బండకు తన్నిపెట్టి పట్టుకున్నాడు. సామి తీరిగ్గా లింగానికి నీళ్లు పోసి, బుర్ర నింపుకుని, తాడు గుంజి సైగ చేశాడు. ఈదన్న పైకి లాగాడు. సామి కంబళి దులుపుకుని సంగటి కుండ దగ్గరకు పోయాడు, ఏమీ జరగనట్టే.

ఈదన్నకు ఇది చాల్లేదు. మనిషి మంచివాడే కానీ మొండివాడు. సామి వెంటపడి అన్నాడు, "ఇయ్యాల నాకు నీ మీద కోపం లేదు సామీ. వదలడానికి కారణమే లేదు. కారణం ఉన్న రోజు సంగతి గదా నేను అడిగింది."

సామి ఆలోచించాడు. అతని మాట న్యాయంగానే తోచినట్టుంది.

"అయితే కారణం వచ్చేదాకా పట్టుకుందాం," అన్నాడు.

ఇక తాడు మళ్లీ చెట్టుకు కట్టలేదు. రోజూ పొద్దున ఒక కొస సామి నడుముకు, రెండో కొస ఈదన్న చేతికి.

ఆ కారణం వచ్చిన రోజు మా పెదనాన్న కూడా దానితోపాటు ఉన్నాడు. ఆ కొండల్లో కొత్తమనిషి తిరుగుతున్నాడని కాపరులు చెప్పగా ముగ్గురు బయల్దేరారు. కానిస్టేబుల్ దస్తగిరి, పెదనాన్న, వాళ్లకు ముందు దారి చూపిస్తూ గురవమ్మ. మనిషిని గుర్తుపట్టడానికి గూడెం నుంచి ఎవరన్నా రావాలంటే మగవాళ్లెవరూ కదల్లేదు, ఆమె వచ్చింది. పట్టించడానికి వచ్చిందో, చూడ్డానికి వచ్చిందో పెదనాన్నకు అర్థం కాలేదు. కొండలెక్కుతూ దస్తగిరి ఆయాసపడుతూనే ఆమె చెల్లెలా, వాడు అన్నా, ఇదెక్కడి అన్నాచెల్లెళ్లయ్యా అని గొణిగాడు.

మలుపు తిరిగేసరికి ఎదురు చరియ మీద ఈదన్న కనిపించాడు. మధ్యలో పెద్ద లోయ వంపు ఉంది, చుట్టి రావాలి. పారిపోవాలంటే ఈదన్న చేతిలోని తాడు వదిలి వెనక్కి ఒక్క దూకు దూకితే చాలు. అడవిలో చెంచువాణ్ణి పట్టే మొనగాడు పోలీసుల్లో లేడు, ఫారెస్టులో అసలే లేడని పెదనాన్నే ఒప్పుకునేవాడు.

ఈదన్న ఎర్రటోపీని చూశాడు. చెల్లెల్ని చూశాడు. ఒకసారి వెనకనున్న అడవిని చూశాడు. తర్వాత పాదాలు సర్దుకుని, బండకు మళ్లీ తన్నిపెట్టాడు.

వాడు చేతిలో తాడు పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడేమిటో పెదనాన్నకు అర్థం కాలేదు. తాడు కొస లోయలోకి పోయి ఉంది, కింద ఎవరున్నదీ కనబడదు. దస్తగిరి వంపు చుట్టి పరిగెత్తి, రొప్పుతూ వచ్చి, ఈదన్న రెక్క పట్టుకోబోయాడు.

"ముట్టుకోవద్దు," అంది వెనకే వచ్చిన గురవమ్మ. "కింద మనిషుండాడు."

ఎవరున్నారో ఆమెకూ తెలీదు. తాడు బిగిసిన తీరు చూసి చెప్పింది. తాడు పట్టినవాణ్ణి తాకకూడదు, పలకరించకూడదు. తేనె తీసేవాళ్ల ఇంట్లో పిల్లలకు కూడా ఆ నియమం తెలుసు. దస్తగిరికి తెలీదు, కానీ ఆమె గొంతు విని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముగ్గురూ నిలబడ్డారు. కిందనుంచి సామి పాడుకుంటున్న శివనామం వినిపించింది. లింగానికి నీళ్లు పోసేవాడికి తొందరేముంటుంది. దస్తగిరి టోపీ తీసి విసురుకున్నాడు. గురవమ్మ అన్న మొహం చూడలేదు, చేతులే చూస్తూ ఉంది. చాలాసేపటికి తాడు కదిలింది. ఈదన్న గుప్పెడు గుప్పెడుగా లాగాడు. ముందు సొరబుర్ర, తర్వాత నల్ల కంబళి అంచు మీదికి వచ్చాయి.

సామి నిలబడి చెవి ఒగ్గాడు. బూట్ల చప్పుడు కొత్తది.

ఈదన్న అన్నాడు, "కారణం వచ్చింది సామీ."

"ఎప్పుడొచ్చింది?"

"నువ్వు దిగినంక."

సామి నడుము మీది ముడిని తడుముకున్నాడు.

"ఆ పొద్దు సంగతి నాకు తెలీదు నాయనా. ఈ పొద్దుటిది మాత్రం నా నడుముకు తెలుసు."

ఈదన్న కూర్చుండిపోయాడు. తాడు కొస ఇంకా చేతిలోనే ఉంది.

దస్తగిరి దగ్గర బేడీలు లేవు. స్టేషన్లో ఉన్నది ఒక్క జత, అది ఎవరో గొడ్ల దొంగకు వేసి ఉంది. కట్టడానికి ఏమన్నా ఉందా అని అడుగుతూ అటూ ఇటూ చూశాడు. సామి అది విని, తన నడుము ముడి విప్పి, ఆ కొస ముందుకు చాచాడు.

"కట్టొద్దు. రెండో కొస అతని చేతిలోనే ఉండనీ."

వదిలేసి పోతేనో అన్నాడు దస్తగిరి. పెదనాన్నకు దాహంగా ఉన్నట్టు కనిపెట్టి సామి సొరబుర్ర ఆయనకు అందించాడు. దస్తగిరి పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న నీళ్లు తాగుతూ ఉండిపోయాడు.

చాచిన కొసను తీసుకోవడానికి ముందుకు వచ్చింది గురవమ్మ. దాన్ని తన నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసుకుంది. చీరకొంగు దోపి దిగడం మొదలుపెట్టింది. ఈదన్న లేచి వెనకాలే నడిచాడు, తాడు పట్టుకుని.

తాడు లేకుండా ఊటకు ఎలా దిగుతావు సామీ అని పెదనాన్న అడిగితే, కొత్తది పేనడానికి నారకు కరువా అన్నాడట.

కేసు ఏమైందని మేం పిల్లలం అడిగినప్పుడల్లా పెదనాన్న ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు. ఒకసారి కొట్టేశారనేవాడు, ఒకసారి కొన్నాళ్లు జైల్లో ఉన్నాడనేవాడు. ఒకసారి జడ్జి దొర స్వయంగా తేనె తెప్పించుకుని తిన్నాడని కూడా అన్నాడు. ఆ దిగుడు సంగతి మాత్రం ఎప్పుడు చెప్పినా ఒకేలా చెప్పేవాడు.

ముందు గురవమ్మ, వెనక పైన ఈదన్న. రాళ్లు కదిలే నిటారు చోట ఆమె కాలు జారింది.

తాడు బిగిసింది.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కాలు కూడదీసుకుని, నడిచింది.