బొట్టు కోసం కాచుకున్న ముల్లు

"పీటెక్కని పనిముట్టుకు ఊళ్లో చోటు లేదహో! ఆయుధపూజ దగ్గరపడిందహో!"

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక వీధి. ఆ వీధి చివర్నించి ఈ కేక. వేసింది మెళ్లో డప్పు తగిలించుకున్న మేకపోతు. ఆ కేకకు గుండె జారిపోయింది ఎవరికంటారా? ఏదులయ్య అనే ముళ్లపందికి.

ఊరి పేరు చక్రాలపేట. జంతువుల రాజ్యంలో ఏ బండైనా సరే, పుట్టేదీ అక్కడే, చెడితే వచ్చేదీ అక్కడికే. వీధికి అటూ ఇటూ షెడ్లే. ఒకదాంట్లో చక్రాలు బిగిస్తారు, ఒకదాంట్లో సొట్టలు తీస్తారు, ఇంకోదాంట్లో రంగులు కొడతారు. గాలి పీలిస్తే గ్రీజు వాసన, చెవి ఒగ్గితే సుత్తి చప్పుడు.

ఆ ఊరికో కట్టడి ఉంది. ఆయుధపూజనాడు ప్రతి షెడ్డులోనూ పసుపు రాసిన పీట వేస్తారు. పనివాళ్లంతా తమ తమ పనిముట్లు తెచ్చి దానిమీద పెడతారు. ఓనరు వచ్చి పనిముట్టుకు కుంకుమ బొట్టు పెడితే, మళ్లీ దసరా దాకా ఆ పనివాడికి కొలువు ఖాయం. ఏ షెడ్డులోనూ బొట్టు పడలేదా, మూట కట్టుకుని ఊరి గేటు దాటాలి. కరువొచ్చిన కాలంలో ఇప్పటి ఏనుగు రాజుగారి తాతగారు పెట్టిన కట్టడి అది. కరువు ఎప్పుడో పోయింది. కట్టడి మాత్రం పోలేదు.

ఏదులయ్య ఆ ఊరికి కొత్త. కొండమీద తన బొరియ ఉన్న చోట రాళ్లు పగలగొట్టి తీసుకుపోతుంటే, పెళ్లాం సూదమ్మనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని దిగివచ్చాడు. వచ్చిన రోజే టైర్ల షెడ్డులో పని దొరికింది. వంగి ఒక ట్యూబు ఎత్తాడో లేదో, "టప్!" మనింది. ఇటు తిరిగాడు, ఇంకో టప్. ఓనరు చేతులు జోడించాడు.

"బాబూ, నిన్ను చూస్తేనే నా ట్యూబులు వణుకుతున్నాయి. వెళ్లిరా నాయనా."

సీటు కవర్లు కుట్టే షెడ్డుకు వెళ్లాడు. సీటు బాగుందో లేదో ఒకసారి కూర్చుని చూడమన్నారు. ఆ తర్వాత సీటు జల్లెడైంది. అక్కడా నమస్కారమే.

సూదమ్మ తెచ్చిన మూట విప్పనే లేదు. గిన్నెలు, కంచాలు అన్నీ అందులోనే. ఆకుల్లో వండిపెట్టి, ఆకుల్లోనే తినిపిస్తోంది.

"ఆ మూట విప్పరాదుటే?" అన్నాడు ఏదులయ్య.

"ఎందుకయ్యా, మళ్లీ కట్టుకోడానికా? నీ పని నిలబడనీ, అప్పుడు విప్పుతా."

ఆ మూట కనిపించినప్పుడల్లా ఏదులయ్య మొహం పక్కకు తిప్పుకునేవాడు.

చివరికి ఎలుగుబంటి భల్లయ్య షెడ్డుకు వెళ్లాడు. అది పాడైన బండ్లు బాగుచేసే షెడ్డు, వీధిలోకెల్లా పెద్దది.

"ఓనరుగారూ, నాకు పూటకో పని వద్దండి. నా పిల్లలు పెద్దయ్యేదాకా ఉండే పని కావాలి."

"అలాంటిది నాకే లేదయ్యా," అన్నాడు భల్లయ్య గడ్డం గోక్కుంటూ. "సరే, పూజ దాకా చూద్దాం. టైర్ల వైపు మాత్రం వెళ్లకు."

ఆ షెడ్డుకు పెద్ద మేస్త్రి కోతి మర్కయ్య. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. విన్న మరుక్షణం "నాకు తెలుసు!" అనేవాడు. చాలాసార్లు నిజంగానే తెలిసేది. తెలియనప్పుడు కూడా అదే మాట అనేవాడు. అక్కడే వచ్చింది తంటా.

ఏదులయ్యకేమో ఏమీ తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గూ లేదు. బండి తెచ్చినవాళ్ల పక్కన గొంతుక్కూర్చుని ఒకే ఒక మాట అడిగేవాడు.

"ఆగకముందు ఏం జరిగిందండీ?"

షెడ్డంతా నవ్వేది. అతనికి తెలీదయ్య అని పేరు కూడా పెట్టేశారు.

ఒకనాడు పుల్లన్న అనే ఎద్దు తన బండి తానే లాక్కుంటూ వచ్చాడు. చక్రం తిరిగినప్పుడల్లా కీచుమంటోంది.

"నాకు తెలుసు! ఇరుసు పోయింది. కొత్తది వెయ్యాలి," అన్నాడు మర్కయ్య.

ఏదులయ్య అడిగాడు. "పుల్లన్నా, ఇది మొదలవకముందు ఏం జరిగింది?"

"ఏముంది తమ్ముడూ, వాగు దాటాను. ఇసకలో దిగబడితే ఈడ్చుకొచ్చాను."

ఏదులయ్య వీపు మీంచి ఒక ముల్లు పీక్కుని ఇరుసు సందులో పెట్టి గెలికాడు. బొలబొలా ఇసక రాలింది. గ్రీజు పూస్తే చక్రం వెన్నలా తిరిగింది. పుల్లన్న సంతోషంగా వెళ్లిపోయాడు. భల్లయ్య మాత్రం పెదవి విరిచాడు.

"ఇసక తీయడం కూడా ఒక పనేనా? ఎవరైనా తీస్తారు."

ఇంకోనాడు పెట్టమ్మ అనే కోడి ఆటో తెచ్చింది. కొంత దూరం పోతుంది, దగ్గుతుంది, ఆగుతుంది. కాసేపాగితే మళ్లీ పోతుంది. మర్కయ్య ఇంజనంతా విప్పి పరిచాడు. తప్పు దొరకలేదు.

"ఆగడం మొదలవకముందు ఏం జరిగిందమ్మా?" అన్నాడు ఏదులయ్య.

"ఏం జరగలేదు నాయనా. ఆయిలు ట్యాంకు మూత ఎక్కడో పడిపోతే, కొబ్బరి చిప్ప బిగించి లక్క పోశా. చుక్క కారదు చూడు, ఎంత గట్టిగా ఉందో!"

ఏదులయ్య వెళ్లి మర్కయ్యను అడిగాడు. "మేస్త్రీ, మూత మార్చాకే మొదలైందట. దానికీ దీనికీ సంబంధం ఏమైనా ఉంటుందా?"

మర్కయ్య తోక నిటారుగా లేచింది. "ఉండదా మరి! లోపలికి గాలి పోకపోతే ఆయిలు కిందకి ఎలా దిగుతుంది?"

చిప్పకు ముల్లుతో సన్నటి బెజ్జం పెట్టారు. ఆటో పరుగో పరుగు. భల్లయ్య వచ్చి, "ఎవరు కనిపెట్టారు?" అన్నాడు. మర్కయ్య నోరు విప్పలేదు గానీ మీసం దువ్వుకున్నాడు. భల్లయ్య అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఏదులయ్య ఆ పూట ముద్ద దిగక ఆకు ముందునుంచి లేచిపోయాడు. సూదమ్మ మూట ముడి ఒకసారి లాగి, గట్టిగా ఉందో లేదో చూసుకుంది.

అంతలో టీ కొట్టు దగ్గర మరో వార్త పొగలు కక్కింది.

"రాజుగారు కొత్త బండి తెప్పిస్తున్నారట. దానికి ఇంజనే ఉండదట! ఆయిలు తాగదట, చప్పుడు చెయ్యదట. బ్యాటరీతోనే పోతుందట!"

"ఇంజను లేకపోతే మనమెందుకురా?"

ఏదులయ్యను చూసి నవ్వేవాళ్లంతా నవ్వు ఆపేశారు. మర్కయ్య టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు. అప్పటిదాకా ఒక్క ఏదులయ్యకు ఉన్న దిగులు ఇప్పుడు వీధి వీధంతా పాకింది.

ఆయుధపూజ రానే వచ్చింది. షెడ్లు కడిగి ముగ్గులు పెట్టారు. భల్లయ్య షెడ్డులో పీట వేశారు. పానాలు, సుత్తులు, జాకీలు వరసగా పెట్టారు. మర్కయ్య తన పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టాడు. ఏదులయ్యకు సొంత పనిముట్టు ఎక్కడిది? వీపు మీంచి ఒక ముల్లు పీకి పీట చివర పెట్టాడు. ఎవరో కిసుక్కుమన్నారు. వాకిట్లో సూదమ్మ మూట చంకన పెట్టుకునే నిలబడింది.

సరిగ్గా అప్పుడే రాజుగారి కొత్త బండి వచ్చింది. వచ్చినట్టే తెలీలేదు. అంత నిశ్శబ్దం! నడుపుతున్నది ఒక జింక. వెనక సీటు నిండా ఏనుగు రాజుగారు.

"భల్లయ్యా, ముందు నా బండికి పూజ చెయ్యి. ఊరేగింపుకు పోవాలి," అని రాజుగారు సెలవిచ్చారు.

చేశారు చూడండి పూజ! చక్రాలకు పసుపు, నెత్తిన బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. భల్లయ్య తన లావాటి బొటనవేలితో ముందువైపు గవ్వంత బొట్టు ఒకటి పెట్టాడు. గుమ్మడికాయ కూడా కొట్టారు. జింక మీట నొక్కింది.

"కుయ్ కుయ్ కుయ్!" మంది బండి. కదల్లేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ కుయ్ కుయ్.

"రాజుగారి బండి కదలట్లేదహో!" అని మేకపోతు అలవాటు కొద్దీ వీధంతా వినబడేలా అరిచేశాడు. వద్దు వద్దంటున్నా డప్పు కూడా కొట్టాడు.

రాజుగారి చెవులు రెపరెపలాడాయి. "ఇదా మీ పనితనం? ఎండ ఊరి గేటు దాకా పాకేలోపు ఇది కదలకపోతే ఈ వీధిలో షెడ్లన్నీ మూయిస్తాను. కొత్త బండ్లు తెలిసినవాళ్లను పొరుగు రాజ్యం నుంచి తెచ్చుకుంటాను."

భల్లయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. "మర్కయ్యా!" అని కేకేశాడు.

మర్కయ్య ఉరికి ముందు మూత ఎత్తాడు. లోపల ఇంజను లేదు. ఖాళీ డబ్బా, అందులో రాజుగారి చెరుకుగడలు. స్క్రూడ్రైవరు ఎక్కడ ఆనించాలో తెలియక గాల్లోనే తిప్పాడు. "నాకు... నాకు తెలుసు. బ్యాటరీ పోయింది. సుత్తి తెండి, విప్పేద్దాం!"

"ఆగు మేస్త్రీ!" అంది ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. ఏదులయ్య. ముళ్లు గలగలమంటున్నాయి.

"నీకు తెలుసా?" అని గర్జించారు రాజుగారు.

ఆ ఒక్క క్షణం ఏదులయ్య సూదమ్మ చంకలోని మూట వైపు చూశాడు. తెలుసు అనేస్తే? ఈ పూటకు గడుస్తుంది. ఆ తర్వాత?

"తెలీదు మహాప్రభూ," అన్నాడు. "కానీ... ఆగకముందు ఏం జరిగిందండీ?"

రాజుగారు కళ్లు చిట్లించారు.

"ఏం జరగడమేమిటి? శుభ్రంగా నడిచొచ్చింది. మీరు పూజ చేశారు. ఆగింది."

"అయితే ఆ పూజే వెనక్కి చేద్దామండీ," అన్నాడు ఏదులయ్య.

దండ తీశారు. కుయ్ కుయ్. నిమ్మకాయలు తీసి, చక్రాల పసుపు తుడిచారు. కుయ్ కుయ్. ఎండ గేటు మీదికి పాకుతోంది. ఇక మిగిలింది బొట్టు.

"ఓనరుగారూ, బొట్టు ఎక్కడ పెట్టారు?"

"అదుగో, ముందర గుండ్రంగా మెరుస్తోందే, దానిమీద. అచ్చం నుదురులా ఉంటేనూ..."

ఏదులయ్య జింక వైపు తిరిగాడు. "అమ్మా, అదేమిటమ్మా?"

జింక పెద్ద కళ్లు ఇంకా పెద్దవి చేసింది. "అయ్యో! అది నుదురు కాదు, కన్ను! ఎదురుగా ఎవరైనా అడ్డమున్నారేమో చూసేది అదే. అడ్డముంటే బండి కదలనే కదలదు."

"అంటే బండికి కంట్లో కుంకుమ పెట్టామా మనం!" అని భల్లయ్య నెత్తి పట్టుకున్నాడు.

సూదమ్మ కొంగు తడిపి ఇచ్చింది. ఏదులయ్య పసిపాప కన్ను తుడిచినట్టు మెల్లగా తుడిచాడు. జింక మీట నొక్కింది. కుయ్యి లేదు, కయ్యి లేదు. నిమ్మకాయలు మళ్లీ పెడితే, వాటిని చిట్ చిట్ మని నలుపుకుంటూ బండి హాయిగా ముందుకు పోయింది. గేటు దాకా పోయి, తిరిగొచ్చింది.

రాజుగారు తొండం ఎత్తి నవ్వారు. "ఇకమీదట ఇలాంటివే వస్తాయి. వీటిని ఎవరు చూస్తారయ్యా?"

మర్కయ్య తల వంచుకున్నాడు. "ప్రభూ, నా చెవి ఇంజను చప్పుడుకు అలవాటైపోయింది. చప్పుడే లేని బండిని నేనేం వినను? పెట్టమ్మ ఆటో కూడా ఇతను అడగబట్టే బాగుపడింది. నేను పైకి చెప్పలేదు."

"అలా అనకు మేస్త్రీ," అన్నాడు ఏదులయ్య. "బండి మాట్లాడకపోతే నడిపేవాళ్లు మాట్లాడతారు. నేను అడుగుతా, నువ్వు విప్పు. తెలియనిది ఈ జింకమ్మ దగ్గర ఇద్దరం నేర్చుకుందాం. ఎద్దు లాగినా, ఆయిలు లాగినా, బ్యాటరీ లాగినా, ఆగిన బండి ఆగిన బండే కదా!"

భల్లయ్య గబగబా పీట దగ్గరకు వెళ్లి, కుంకుమలో వేలు ముంచి ముల్లుకు బొట్టు పెట్టాడు.

"అమ్మో! గుచ్చుకుందిరా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి నవ్వని వాళ్లు లేరు. నవ్వుతూ నవ్వుతూ మిగిలిన పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టాడు. రాజుగారు మేకపోతును పిలిచి, తాతగారి కట్టడి ఆ పూటతో సరి అని చాటించమన్నారు.

పులిహోర, గారెలు, పరమాన్నం వచ్చాయి. వీధి పొడుగునా చాపలు పరిచారు. రాజుగారు కూడా కింద కూర్చున్నారు. చూస్తే ఆకులు చాల్లేదు.

"కొంచెం ఉండండి," అంది సూదమ్మ. మూట కింద పెట్టి, ముడి మీద చెయ్యి వేసి, ఏదులయ్య వైపు చూసింది. అతను తల ఊపాడు. బిగదీసి బిగదీసి రాయిలా అయిన ముడి అది. ఎంతకీ రాకపోతే పీట మీది ముల్లు తెచ్చి, దాంతోనే సడలించి విప్పింది. కంచాలు, గిన్నెలు గలగలా బయటపడ్డాయి. మర్కయ్య పక్కన ఏదులయ్య, ఏదులయ్య పక్కన జింక, ముళ్లకు కాస్త ఎడంగా భల్లయ్య, అందరూ కూర్చుని కడుపునిండా తిన్నారు.

తెలియనిది తెలియదని చెప్పి, అడిగి నేర్చుకునేవాడికి బండ్లు ఎన్ని మారినా పని మాత్రం పోదు.