చిక్కాలరేవు గంగమ్మ తల్లి

గోదావరి పాయ సముద్రంలో కలవబోయే చోట, మడచెట్ల మధ్య చిక్కాలరేవు ఉంది. అమ్మవారికి గోపురం లేదు. నీటి అంచున నల్లరాయి, దానిమీద తాటాకు పందిరి, అంతే. పందిరి వాసాలకు ఎద్దుల మూతికి కట్టే చిక్కాలు వేలాడుతుంటాయి. ఇక్కడికి వచ్చిన రైతులు చిక్కం ముడిని చేత్తో విప్పరు, పళ్ళతో విప్పుతారు. కొత్తవారు చూసి నవ్వుకుంటారు. నవ్వితే అమ్మవారికేమీ కోపం రాదు.

పూర్వం ఇక్కడ పేరయ్య, బంగారమ్మ అనే జాలరి దంపతులు ఉండేవారు. వారు మాలచ్చి అనే నీటికుక్కను పెంచి వేట నేర్పారు. నడుముకు తాడు కట్టి వదిలితే అది మడచెట్ల వేళ్ళ సందుల్లో దాగిన చేపలను వలలోకి తరిమేది. వల పైకి రాగానే తొలి చేప దానికి పెట్టాలి. అది వేటలో కట్టుబాటు.

ఒక ఏడు చేప కరువొచ్చింది. అప్పుడే మాలచ్చి రెండు పిల్లల్ని కన్నది. ఉన్న చేపలు అదే తినేస్తోందని పేరయ్యకు అనుమానం పుట్టి, దాని మూతికి చిక్కం అల్లి కట్టాడు.

బంగారమ్మ ఊరుకోలేదు. "దాని మూతికి నువ్వు కట్టావు. మరి నీ మూతికెవరు కడతారయ్యా?"

"ముందు మన కడుపులు నిండనీవే. తర్వాత దానికి పెడతాలే."

ఆ పూట వల నిండా చేపలు పడ్డాయి. ఆ సంబరంలో పేరయ్య దానికి పెట్టడమే మరిచాడు. మర్నాడు మాలచ్చి తాడు తెంపుకుని, చిక్కంతోనే వెళ్ళిపోయింది. గంపలో పిల్లలు పాలకోసం కీచుకీచుమంటున్నాయి.

"నోరు కట్టేసి పోగొట్టావు కదయ్యా! అది ఏం తిని బతుకుతుంది, వీటికేం పాలిస్తుంది?" అని బంగారమ్మ ఏడ్చింది.

పేరయ్య పొద్దుటినుంచి వెతికి, అలసిపోయి దోనెలో కునుకు తీశాడు. కలలో ఒక తల్లి తడి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కనబడింది. "ముడి వేసింది నువ్వు. పోటు రాకముందే నల్లరాయి దగ్గరకు వెళ్ళు" అన్నది.

వెళ్ళి చూస్తే చిక్కం రాతి పగులులో ఇరుక్కుని, మాలచ్చి ముక్కు మాత్రం నీటిపైన ఉంది. పోటునీరు పెరుగుతోంది. నానిన ముడి గోళ్ళకు లొంగలేదు. పేరయ్య మునిగి, పళ్ళతో పట్టి లాగాడు. చిగుళ్ళు చీరుకుపోయి నెత్తురు కారాక ముడి ఊడింది. అతను దోనెలో ఉన్న ఒక్క చేపనూ రాతిమీద పెట్టాడు. మాలచ్చి అక్కడే కూర్చుని తిని, నేరుగా పిల్లల దగ్గరకు ఈదుకుంటూ పోయింది. పాటు వచ్చి నీరు తగ్గాక, అది కూర్చున్న రాతిమీద ఒడిలో నీటికుక్కతో అమ్మవారి రూపు కనిపించింది.

ఇప్పుడు నీటికుక్కల్ని పెంచేవారు లేరు. అయినా జాలరులు తొలి చేపను ఆ రాతిమీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళతారు. నూర్పిళ్ళు అయ్యాక రైతులు చిక్కాలు తెచ్చి విప్పి, ఎద్దులకు మేత పెట్టాకే తాము తింటారు. అన్నం సహించని బిడ్డలకు ఇక్కడ తొలిముద్ద పెడితే ఆకలి పుడుతుందని తల్లుల నమ్మకం.

ఇక్కడికి వచ్చిన అమ్మల్లారా, అయ్యల్లారా, ఇంటికి వెళ్ళాక మీకోసం కష్టపడిన నోటికి ముందు పెట్టి తర్వాత తినండి. అమ్మవారు కోరే మొక్కు అదొక్కటే.