కాగితం కింది జవాబు

ఆ కాగితం కింద ఏముందో తనకి తెలుసని ఆమె ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు.

ఆమె ఒక నాటక సమాజంలో పక్కతెర వెనక నిలబడి నటులకి మాటలందించే పిల్ల. అక్కడ ఎవరూ మాటలు కంఠస్థం చెయ్యరు. తెర వెనకనుంచి ఏది చెవిన పడితే అది గొంతెత్తి అనెయ్యడమే. రాజు వేషం యజమానిది. రాణి వేషం కూడా ఇప్పుడు మగవాడిదే.

పూర్వం ఒకావిడ కట్టేది. నిండు సభలో రాజు "మోకరిల్లు" అనే చోట, పుస్తకంలో రాణి మాటల మీద మైదా జిగురుతో ఒక కాగితం అంటించి, పైన "చిత్తం ప్రభూ" అని రాసి ఉంది. "నా జవాబు దీని కిందే ఉంది, తియ్యండి" అని ఆవిడ పట్టుబట్టింది. "మా నాన్నగారు అంటించింది! ముట్టుకుంటే ఊరుకోను" అని యజమాని ఆవిణ్ణి వెళ్లగొట్టాడు. పోతూ పోతూ ఆవిడ పుస్తకం అట్ట లోపల ఫోన్ నంబరు రాసింది. "దొరికిన రోజు చెప్పమ్మా" అని పిల్లతో అంది.

అప్పట్నించీ "చిత్తం" అందించాల్సి వచ్చినప్పుడల్లా పిల్ల వేలు ఆ కాగితం అంచు దగ్గరే ఆగేది. ఒకరోజు ఆ పేజీని బల్బుకెదురుగా పట్టి చూసింది కూడా.

ఆ సాయంత్రం రాజు కత్తి నేలకి తాటించాడు. "మోకరిల్లు!"

రాణి చెవి పక్కతెర వైపు వాలింది. పిల్ల నోట చిత్తం రాలేదు.

"మోకరిల్లను," అని అందించింది.

"మోకరిల్లను!" అన్నాడు రాణి వేషగాడు, అలవాటుగా. పిల్ల ఆపకుండా అందించింది, అతను అందుకున్నాడు. "నేను వంగితే నువ్వు పొడుగైపోతావా? ఆ కిరీటం తీసి నిలబడు, ఎవరెంతో చూద్దాం!"

"అద్దీ!" అంది జనంలో ఒకావిడ.

రాజు తెర దగ్గరికి జరిగి పళ్లు నూరాడు. "నా మాట అందించవే!"

"మీకు మాట లేదండీ. తల దించాలని ఉంది."

ఎన్నాళ్ల అలవాటో, దించేశాడు. కిరీటం జారి దొర్లుకుంటూ పిల్ల కాళ్ల దగ్గరికొచ్చింది. ఒకటే ఈలలు, చప్పట్లు.

తెర పడగానే యజమాని రంగైనా తుడుచుకోకుండా పిల్ల దగ్గరికి వచ్చాడు. "ఎక్కడుందే అది? చూపించు!"

"ఉండే ఉంటుంది గురువుగారూ," అన్నాడు రాణి వేషగాడు, విగ్గు చంకలో పెట్టుకుని. "నాకు చప్పట్లు పడటం ఇదే మొదలు!"

యజమాని కాగితం పట్టి లాగాడు. కింద "రాణి" అని పేరుంది. ఆ తర్వాత పేజీ అడుగుదాకా తెలుపు.

"ఏమీ లేదే!"

"మొదట్నించీ లేదండీ," అంది పిల్ల.

"రేపట్నించి నువ్వు రాకు," అని, తన మాట ఎక్కడుందోనని యజమాని పేజీలు తిరగేస్తూ నిలబడిపోయాడు.

పిల్ల కిరీటం తీసి అతని పక్కన పెట్టి బయటికి నడిచింది. ఆ సమాజంలో ఆమె కంఠస్థం చేసినవి అట్ట లోపలి పది అంకెలే. "అక్కా, ఆ పేజీలో బోలెడు చోటుంది" అని ఆవిడకి చెప్పాలి. ఇక ఆగకూడదనుకుని ఫోను చేతిలోకి తీసుకుంది.