నాంచారమ్మ ఇచ్చిన అబద్ధపు వాయనము

వర్ణలక్ష్మీ తల్లికి మ్రొక్కి, పెద్దలు చెప్పగా విన్న కథను చెప్పుకొందము.

పూర్వమొకప్పుడు జాబాలి వామదేవ మహామునిని దర్శించి, లోకమున ఎన్నో కళలు పుట్టి, పేరుకెక్కి, నేర్చినవారి ఇంటనే ఆనవాలు లేక ఏల నశించుచున్నవి, దానికి ఉపాయమేమైన కలదా అని అడిగెను. వామదేవుడు, "వర్ణలక్ష్మీ వ్రతమని యొకటి కలదు. దానిని సరిగా చేయుటలో ఆలస్యము చేసి దుఃఖపడిన ఇల్లాలి కథ చెప్పెదను, వినుము" అని ఇట్లు చెప్పదొడగెను.

తూర్పు సముద్రపుటొడ్డున గవ్వలరేవు అను పట్టణము కలదు. అచ్చట బట్టలపై కలముతో లతలు, హంసలు వ్రాసి రంగులద్దువారు ఉండెడివారు. వారిలో అలివేలమ్మ అను ఇల్లాలు నీలిరంగు వేయుటలో పేరుపొందెను. ఆమె కోడలు నాంచారమ్మ పుట్టింటి నుండి ఎరుపు వేయు విద్యను తెచ్చుకొనెను.

అలివేలమ్మ యేటేట మాఘశుద్ధ పంచమినాడు వర్ణలక్ష్మిని పూజించి, నేర్వగోరి వచ్చినవారికి పసుపు కుంకుమలతోపాటు తన పనిలోని మెలకువ నొకదానిని దాచక చెప్పెడిది. ఆ వ్రతమునకు అదియే వాయనము. ఒకయేడు కోడలిని పిలిచి, నీలితొట్టి పులియబెట్టు విధము నేర్పెదను, కూర్చుండుమనెను. నాంచారమ్మ చేతిలోని పని విడువక, "ఎక్కడికి పోతావత్తా? వచ్చే ఏడు చూద్దాంలే" అనెను. ఆ వానకాలమున అలివేలమ్మకు పక్షవాతము సోకి మాట పడిపోయెను. కోడలు దగ్గరకు వచ్చినపుడెల్ల తొట్టివైపు చేయి చూపబోవును, చేయి లేవదు. నాంచారమ్మ గంజి త్రాగించి మూతి తుడిచెడిదే కాని, ఆ చూపులో ఏమున్నదో అడుగదయ్యెను. అలివేలమ్మతో ఆ ఇంటి నీలిరంగు పోయెను.

అయినను నాంచారమ్మకు తెలివి రాలేదు. తనకు ఎరుపున్నది చాలును, ఇతరులకు తెలియనంత కాలమే తనకు గొప్ప అనుకొనెను. వ్రతమునాడు శనగలు, తాంబూలము మాత్రము పంచెడిది. ఎరుపునిచ్చు చిరివేరును కాచునపుడు సొంత కోడలు తిరుపతమ్మను సైతము దొడ్డి బయటకు పంపెడిది.

ఇట్లుండగా యవద్వీపపు ఓడలో వూలన్ అను స్త్రీ వచ్చెను. కరగిన మైనముతో బట్టపై గీతలు గీయుట ఆమె విద్య. ఓడవారి వద్ద నాలుగు తెలుగు మాటలు నేర్చినది. సరిగా వ్రతమునాడు నాంచారమ్మ ఇంటికి వచ్చి, ఒక చిన్న రాగికలమును, తాను వ్రాసిన గుడ్డను ముందుంచి, "అమ్మా, నా మైనం నీకు ఇస్తాను. మీ ఎరుపు నాకు చెప్పు" అని వేడుకొనెను.

ఆ గుడ్డపై గీతలు మంచు పట్టిన తీగలవలె తెల్లగా, సన్నగా ఉండెను. నాంచారమ్మ లోలోపల మెచ్చుకొని, పైకి మాత్రము, "మైనం మాకెందుకమ్మా!" అని త్రోసివేసెను. వ్రతమునాడు అడుగవచ్చిన స్త్రీని ఉత్తచేతులతో పంపుటకు జంకి, ఎరుపు విధమును చెప్పినట్లే చెప్పి, రంగు నిలుచుటకు ముందుగా బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టవలెనను మాటను దాచెను. వూలన్ ప్రతిమాటను పెదవులు కదుపుచు వల్లెవేసుకొని, ఆమె పాదములు కన్నులకద్దుకొని ఓడ యెక్కెను.

అది మొదలు నాంచారమ్మ కన్నులకు పొర కమ్మెను. కాగు దింపు వేళ తెలియక ఎరుపు ఇటుకపొడి రంగుకు దిగెను. ఓడలవారు బట్ట విప్పి చూచి, మరల మడిచి, వేరొక రేవుకు పోయిరి. "ఎప్పుడు దింపాలో చెప్పత్తా, నేను చూస్తాగా" అని తిరుపతమ్మ బతిమాలినను ఆమె నోరు విప్పదయ్యెను. పనివారు చెదిరిపోయిరి. పూట గడచుటయే కష్టమయ్యెను.

ఒక పగటివేళ నాంచారమ్మ అరుగుపై నుండగా, చేతులనిండ రంగుమరకలు గల ముదుసలి ముత్తైదువ వచ్చి మంచినీళ్లడిగి త్రాగి, "నా నోము నోచి అబద్ధం వాయనమిచ్చావేమే?" అనెను. నాంచారమ్మ లేచునంతలో ఆమె కనబడకుండెను.

వెంటనే తిరుపతమ్మను, వాడలోని ఆడవారిని పిలిచి, దేవిని కొలిచి, పాలలో నానబెట్టుట మొదలు కాగు దింపు గుర్తు వరకు సర్వమును చెప్పెను. తిరుపతమ్మ కాచిన ఎరుపు దానిమ్మగింజవలె తేలెను. ఓడలు మరల వచ్చెను. ఇల్లు కళకళలాడెను. నాంచారమ్మ మాత్రము రేవుకు పోయి, యవద్వీపమునకు పోవు ఓడ నడుపు సరంగుతో నిజమైన విధమంతయు చెప్పి, తాను కల్లలాడితినని, మన్నింపుమని వూలన్‌కు కబురంపెను.

గాలి తిరిగిన పిమ్మట సరంగు వచ్చి తలవంచుకొని నిలిచెను. "ఆవిడ లేదమ్మా. ఎన్ని గుడ్డలు ఉడకేసినా రంగు కారిపోయిందంట. ఊళ్లో నవ్వారంట. తెలుగమ్మ అబద్ధం చెప్పదు, నా చెయ్యే మంచిది కాదు అనుకుని, కలం ముట్టడమే మానేసిందంట. పోయిన జ్వరాల్లో పోయింది."

"ఆ మైనం పనో?"

"ఎవరికీ నేర్పలేదమ్మా. చెడ్డచేతి విద్య పిల్లలకెందుకు అందంట."

నాంచారమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చెను. అది మొదలు ఏటేట అందరికి వాయనములిచ్చిన పిదప, వేరుగా ఒక ఆకులో పసుపు కుంకుమ లుంచి, సముద్రము వైపు తిరిగి, "ఇస్తినమ్మ వాయనం" అనెడిది. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని బదులు పలుకువారు లేక, ఆ ఆకు పట్టుకొని ప్రొద్దువాలువరకు నిలిచెడిది.

కావున జాబాలీ! వీణ పలికించువారు, రాతిని మలచువారు, తోలుబొమ్మలాడించువారు, ద్వీపాంతరములలో మైనము కరగించువారు, బిడ్డకు జోలపాడు తల్లులు, ఎవరైనను ఈ వ్రతమును చేయవచ్చును. చేసినవారి ఇంట సిరి నిలుచును, పోయిన పేరు తిరిగి వచ్చును, వారి చేతిపని పరుల చేతులలోనైన బ్రతికియుండును. పూజలో లోటు వచ్చినను దేవి మన్నించును. దాచిన మాటకు మాత్రము మన్నింపు అడుగవలసిన మనిషి మనకొరకు కాచుకొని యుండదు.

విన్నవారందరు అక్షతలు శిరస్సున వేసుకొని, లేవకముందే ప్రక్కవారికి తమకు తెలిసినదొకటి పూర్తిగా చెప్పవలెను.