కిటికీ వైపు పోయే పడవ

మెషీన్ కొనమంటారా ఉస్తాద్ అని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ఆయన టీ తాగారు.

అయిదోసారి అడగలేదు. కొనేశాను.

ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. అప్పుడు నేను రెండు తప్పులు చేశాను. మొదటిది అందరికీ చెప్పి నవ్వుతుంటాను. రెండోది ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళకి అది రాసేస్తే గానీ కుదురుగా ఉండేట్టు లేదు.

కాకినాడ జగన్నాథపురంలో ఉప్పుటేరు పక్కన గౌస్ సాహెబ్ గారి కార్ఖానా. వయసులో ఉన్నప్పుడు ఆయన సముద్రం మీదికి పోయే చెక్క పడవలు కట్టారు. ఆ పని తగ్గిపోయాక పడవలకి చిన్న నమూనాలు చెయ్యడం మొదలెట్టారు. అసలు పడవలో అడుగుకి నమూనాలో అంగుళమున్నర. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. కానీ ఆయన ఎవరికైనా ఏదైనా నేర్పుతుండగా నేనైతే చూడలేదు.

నేను ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నదాన్ని కాదు. మొబైల్ కవర్లు అమ్మే కొట్లో పని చేస్తూ, బేరాలు లేనప్పుడు ఫోన్లో చూసి అట్టముక్కలతో ఓడలు, ప్లాస్టిక్‌తో విమానాలు చేసేదాన్ని. ఒకటి సగంలో ఉండగానే రెండోది మొదలెట్టేదాన్ని. ఒకరోజు ఒక ఓడ పట్టుకెళ్ళి ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన పైన తెరచాపలూ జెండాలూ చూడలేదు. తలకిందులు చేసి అడుగు చూశారు.

"పేరేంటమ్మా?"

"నూకరత్నం."

"రేపట్నించి రా."

మూడు నెలలు గడిచాక నాకో నమూనా అప్పగించారు. ఉప్పాడ జాలర్లు కొంతమంది కలిసి కొత్త రకం పడవ కట్టించుకుందామనుకుంటున్నారు. తక్కువ డీజిల్‌తో అలల్ని కోసుకుపోయే పొట్ట దానిది. ముందు నాలుగడుగుల నమూనా చేసి, ఇంజనీరింగ్ కాలేజీలో ఉన్న పొడుగాటి నీళ్ళ తొట్టిలో లాగి చూడాలి. ఆ తొట్టి బయటివాళ్ళకి ఏడాదికి ఒక్కరోజే ఇస్తారు. అక్కడ మొదట పడవని ఊరికే ముందుకి తోసి వదిలేస్తారు. సూటిగా పోతే తాడు కట్టి లాగి కొలతలు తీస్తారు. పక్కకి పోయిందా, పట్టుకుపొమ్మంటారు.

పట్టుకుపొమ్మంటే జాలర్లకి ఇంకో ఏడాది పాత పడవే. నాకు మళ్ళీ కవర్ల కొట్టే. ఆ మాట ఉస్తాద్ అనలేదు, మా అమ్మ అంది. "ఇదన్నా చివరిదాకా చెయ్యవే తల్లీ. చెయ్యలేకపోతే ఇంక ఆ చెక్కముక్కల ఊసెత్తకు."

నేను గుమ్మడిటేకు పలకలు ఒకదానిమీద ఒకటి అంటించి, ఉలితో చెక్కి, చిత్రిక పట్టి ఆకారం తెచ్చాను. అంతవరకూ హుషారుగానే ఉంది. ఆ తర్వాత నునుపు పని. పడవని బోర్లించి బల్లకి బిగించి, ఉప్పుకాగితంతో రుద్దుతూ కూర్చోవాలి. పొట్ట సరిచూసుకోవడానికి పది చెక్క అచ్చులుంటాయి. ముక్కు నుంచి వెనకదాకా పది చోట్ల గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో అచ్చు ఆనించాలి. సందులోంచి వెలుగు కనపడకూడదు.

రుద్దడం అంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. అందుకే ఆ మెషీన్.

అరచేతిలో ఇమిడేది తెచ్చాను. కింద ఉప్పుకాగితం బిగిస్తే గిరగిరా రుద్దేస్తుంది. కార్ఖానాలో నాతో పాటు పనిచేసే యేసుపాదం బాబాయ్ దాన్ని చూసి మూతి తిప్పాడు. ఆయన హోటళ్ళలో అద్దాల పెట్టెల్లో పెట్టుకునే పడవలు చేస్తాడు.

"ఏమ్మా, అన్నం కలపడానిక్కూడా ఒకటి తెచ్చుకోకపోయావా?"

"నువ్వు చేసే పడవలు ఎప్పుడైనా నీళ్ళు చూశాయా బాబాయ్?"

ఉస్తాద్ మెషీన్ని తిప్పి చూశారు. స్విచ్చి వేశారు, ఆపారు. "చేతికి బాగుంది," అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

వారం రోజుల పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. కార్ఖానా నిండా పసుపుపచ్చ పొడి. యేసుపాదం బాబాయ్ టీ గ్లాసులో కూడా. పది అచ్చులూ ఆనించి చూశాను. పది చోట్లా చీకటి. పడవ అద్దంలా ఉంది.

"తొట్టిలో వెయ్," అన్నారు ఉస్తాద్.

కార్ఖానా వెనక ఇరవై అడుగుల సిమెంటు తొట్టి ఉంది. పడవలో ఇనపముక్కలు సర్ది, ఎటూ ఒరక్కుండా చూసుకుని, మెల్లగా తోసి వదిలాను. ఆరడుగులు బాగానే పోయింది. తర్వాత ముక్కు పక్కకి తిప్పింది. వెళ్ళి తొట్టి గట్టుకి ఠక్కున కొట్టుకుంది. మూడుసార్లు వదిలాను. మూడుసార్లూ ఒకే పక్కకి. బల్లమీద బిగించినప్పుడు కిటికీ వైపు ఉండే పక్క అది.

"నీ పడవకి నీ బుద్ధే వచ్చింది," అన్నాడు యేసుపాదం బాబాయ్. "ఉన్న దారిలో ఉండదు."

ఇది మొదటి తప్పు. మెషీన్ని నమ్ముకుని చెడ్డాననే కథ. ఎక్కడ చెప్పినా జనం తల ఊపుతారు. చేతిపనికి సాటి ఏముందమ్మా అంటారు. నేనూ అవునంటాను. కథ అక్కడితో ఆపేస్తాను.

ఆపకుండా చెప్తే ఇదీ సంగతి.

మెషీన్ని గోనెసంచిలో చుట్టి మూలన పడేశాను. పడవంతా పుట్టీ పూత వేసి, ఆరాక, మళ్ళీ మొదట్నించి మొదలెట్టాను. ఈసారి ఉత్త చేత్తో. తొమ్మిది రోజులు. వేళ్ళ చివర చర్మం లేచిపోయింది. అన్నంలో కారం తగిలితే ప్రాణం పోయేది. అయినా నా జన్మలో మొదటిసారి ఒక్కచోట అన్ని గంటలు నిలబడ్డాను. అంతటితో ఊరుకున్నానా? లేదు. గోనెసంచి వైపు చూసి, "రుద్దడం కూడా ఒక జపం బాబాయ్, కరెంటుకేం తెలుస్తుంది?" అనేదాన్ని. నాలుగు రోజులపాటు యేసుపాదం బాబాయ్‌కి చేతిపని మీద ఉపన్యాసాలిచ్చాను. నలభై ఏళ్ళ బట్టి చేతిపని చేస్తున్న మనిషికి! ఆయన విన్నాడు కూడా.

పదోరోజు పడవ ఎత్తుకెళ్ళి తొట్టిలో పెట్టాను. ఉస్తాద్‌ని పిలిచాను. బాబాయ్‌ని కూడా పిలిచాను, చూడమని.

తోసి వదిలాను. ఆరడుగులు వెళ్ళింది. ముక్కు తిప్పింది. అదే పక్కకి.

బాబాయ్ నన్ను చూసి, నా వేళ్ళు చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కాలేజీ వాళ్ళిచ్చిన తేదీకి ఇంక నాలుగు రోజులు. పడవని మళ్ళీ బల్ల మీదికి చేర్చి బిగించాను. అచ్చులు తీసి ఉస్తాద్ కళ్ళముందే పది చోట్లా ఆనించాను. పది చోట్లా సరిగ్గా ఉంది.

"కర్రలోనే దోషం ఉంది ఉస్తాద్," అన్నాను. "మెషీన్‌తో చేశాను, పోయింది. చేత్తో చేశాను, పోయింది. ఇంకేం చెయ్యను?"

ఆయన చేతులు కడుక్కుని తుడుచుకున్నారు. నా చేతిలోంచి అచ్చు తీసి పక్కన పెట్టారు.

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాను.

"రెండు చేతులూ పడవ మీద పెట్టు. ఇటొకటి, అటొకటి. ముక్కు దగ్గర్నించి వెనక్కి రా."

పడవ మీదికి వంగి రెండు అరచేతులూ రెండు పక్కలా ఆనించి, మెల్లగా జరుపుకుంటూ వచ్చాను. మొదటి గీత, రెండోది, మూడోది. మూడో గీత దాటాక నా ఎడమచెయ్యి కొంచెం పైకి లేచింది. నాలుగో గీత దగ్గర మళ్ళీ దిగింది. అక్కణ్ణించి అయిదో గీతకి పోతుంటే మళ్ళీ లేచింది. కుడిచెయ్యి ఎక్కడా లేవలేదు. కొన్నిచోట్ల లోపలికి దిగుతోంది కూడా.

కళ్ళు తెరిచాను. ఎడమచెయ్యి కింద ఉన్నది గోడ వైపు పక్క. కుడిచెయ్యి కింద ఉన్నది కిటికీ వైపుది. అచ్చు ఆనిన చోట్ల రెండూ సమానమే. అచ్చుకీ అచ్చుకీ మధ్య, గోడ వైపు పొట్ట ఉబ్బుగా ఉంది.

ఉస్తాద్ బిగింపులు విప్పారు. పడవకి ఒక కొస ఆయన పట్టుకున్నారు.

"అటు పట్టు."

పట్టాను. ఇద్దరం ఎత్తి, ముక్కు ఉన్న చోటికి వెనక భాగం వచ్చేలా తిప్పి, మళ్ళీ బల్ల మీద పెట్టాం. ఆయన టోపీ పెట్టుకుని సాయంత్రం చేసే అసర్ నమాజుకి వెళ్ళిపోయారు.

నేను రోజూ నిలబడే చోటే నిలబడ్డాను, కిటికీకి వీపు పెట్టి. నా పొట్ట ముందు, ఇన్నాళ్ళూ గోడ వైపున్న పడవ పొట్ట. దాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. రుద్దిన గీతలు చిన్నచిన్నగా, తడబడుతూ, పైపైన ఉన్నాయి. ఎవరో పనికి బద్ధకించి చేసినట్టున్నాయి.

నా బల్ల గోడకి ఆనుకుని ఉంటుంది. అటువైపు మనిషి పట్టడు. గోడ వైపు రుద్దాలంటే పడవ మీదినుంచి వంగి, చెయ్యి చాచి, మునివేళ్ళతో రుద్దాలి. ఇన్నాళ్ళూ అలాగే రుద్దాను. మెషీన్ ఉన్నప్పుడూ అక్కణ్ణించే వంగాను. లేనప్పుడూ అక్కణ్ణించే వంగాను. రెండో తప్పు అదే.

కార్ఖానాలో ఉస్తాద్ బల్ల ఒక్కటే గది నట్టనడుమ ఉంటుంది. దారికి అడ్డమని దాన్ని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో!

నవ్వొచ్చింది. ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఏడుస్తున్నాననుకుని యేసుపాదం బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, ఈ బల్ల ఒక చెయ్యి పట్టు. గోడ దగ్గర్నించి లాగేద్దాం."

"ఇరవై ఏళ్ళబట్టి అక్కడే ఉందే అది!"

"పట్టు బాబాయ్!"

లాగాం. నాలుగు కాళ్ళ కింద ఇరవై ఏళ్ళ పొడి. నేను పెన్సిల్‌తో ఉబ్బు ఉన్నంతమేరా గీతలు గీకి, గోనెసంచి విప్పి మెషీన్ తీశాను. జపం చేసే మనిషికి మెషీన్ ఎందుకని బాబాయ్ అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు, ఆ దయ చాలు. గీతలు చెరిగేవరకూ మెషీన్, ఆపైన చెయ్యి. కిటికీ వైపు ఎక్కువ అరిగిపోయిన చోట పలచగా పుట్టీ. ఒక పక్క పది నిమిషాలు, రెండో పక్కకి నడిచి పది నిమిషాలు. మధ్యమధ్య కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఆనించడం. ఆ నాలుగు రోజులూ నా ఒంట్లో చీమలు ఎక్కడికి పోయాయో తెలీదు. నడవడానికి చోటుంటే నాకు రుద్దడం మీద ఏ కోపమూ లేదు.

ఉస్తాద్ వచ్చి చూశారు. మెషీన్ చూశారు, నడుస్తున్న నన్ను చూశారు, టీ తాగారు.

మూడోరోజు ఒకసారి తలెత్తితే, యేసుపాదం బాబాయ్ అద్దాల పెట్టెలోకి పోవాల్సిన తన పడవ మీద కళ్ళు మూసుకుని రెండు చేతులూ జరుపుతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి గట్టిగా దగ్గాడు. కాసేపటికి ఆయన బల్ల కూడా గోడ నుంచి కదిలిన చప్పుడైంది.

కాలేజీ తొట్టి ఒక వీధంత పొడుగుంది. ఉప్పాడ నుంచి పన్నెండు మంది వచ్చారు. వాళ్ళ పెద్ద తాతారావు గారు నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"మా పడవ సేసింది ఈ పాపేనా ఉస్తాదూ?"

"ఈ పాపే."

ఆయన ఇంకేదో అడగబోయి నీళ్ళ వైపు తిరిగాడు. కాలేజీ సారు పడవని తొట్టి మధ్యలో పెట్టి, తోసి వదిలాడు.

ఆరడుగులు. పదడుగులు. ఇరవై. ముక్కు కదల్లేదు. నీళ్ళు రెండు పక్కలా ఒకేలా విడిపోతున్నాయి. పడవ వెనక రెండు గీతలు, ఒకదానికొకటి అద్దంలో నీడలా. ముప్పయ్యడుగులు. వేగం తగ్గుతోంది గానీ దారి తప్పడం లేదు. చివరికి నట్టనడుమ, ఎటూ తిరక్కుండా, తనంతట తనే ఆగింది.

"అణియం సూడండ్రా!" అని పడవ ముక్కు చూపిస్తూ తాతారావు గారు కేకేశాడు. "దారం కట్టినట్టెల్లింది! దారం కట్టినట్టు!"

పన్నెండు మందీ ఒక్కసారి అరిచారు. ఎవరో ఈల వేశారు. యేసుపాదం బాబాయ్ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇప్పటికీ మండుతున్నట్టుంటుంది.

తాడు కట్టి లాగారు, మెల్లగా ఒకసారి, జోరుగా ఒకసారి, అలలు పుట్టించి ఒకసారి. కాలేజీ సారు అంకెలు చూసి, మళ్ళీ చూసి, కొత్త పొట్టకి పాతదాని కన్నా లాగుడు బాగా తక్కువని చెప్పాడు. తాతారావు గారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "కట్టేద్దాం ఉస్తాదూ," అన్నాడు. "ఈ యేడే కట్టేద్దాం."

కాలేజీ సారు పడవని నీళ్ళలోంచి తీయించి, బోర్లించి, వేలితో నిమిరి చూశాడు.

"ఇంత నునుపు ఎలా వచ్చిందండీ? మా పిల్లలు చేస్తే రావట్లేదు. మెషీన్ కొనమంటున్నారు. కొనమంటారా? ఇది మెషీన్‌తో చేశారా, చేత్తో చేశారా?"

ఉస్తాద్ నా వైపు చూశారు. కళ్ళల్లో నవ్వు ఉంది.

"చుట్టూ తిరిగి చేసింది సార్."