గున్నమ్మ నడక

అనగనగా పలాస దాపున ఒక ఊళ్ళో గున్నమ్మ అనే పిల్ల ఉండేది, బంగారూ. జీడిపప్పు కార్ఖానాలో పొద్దస్తమానం పీట మీద కూర్చుని పప్పు పొట్టు తీసేది. ఆమెకి అప్పుడు ఆరో నెల.

"కడుపుతో ఉన్నావు, ఇంట్లోనైనా కదలకే" అంది అత్తగారు. గున్నమ్మ కదల్లేదు. అక్కడా కూర్చోవడమే, ఇక్కడా కూర్చోవడమే. కాళ్ళు బూరెల్లా పొంగాయి, నడుము పట్టేసింది.

ఆ తర్వాత పక్క పీట మీది పార్వతక్క, "ఒళ్ళు కష్టపెడితేనే కానుపు సులువు" అంది. సరేనని గున్నమ్మ ఒక శెలవునాడు ఎండలో కొండెక్కింది. సగం దారిలో ఊపిరందలేదు. కళ్ళు బైర్లు కమ్మి రాయి మీద కూలబడింది. పొట్ట మీద చెయ్యేసి చూసుకుంది. లోపల కదలికే లేదు!

అప్పుడు వెతుక్కుంటూ వచ్చిన మొగుడు దండాసి ఆమెని కిందికి దింపి ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు. నర్సు రత్నకుమారి ఆమెని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టింది. నీళ్ళు తాగించింది. ఆ తర్వాత చిన్న యంత్రమొకటి పొట్టకి ఆనించింది.

గదంతా టకటక, టకటక!

"నా గుండె ఇంత జోరుగా కొట్టుకుంటందేటమ్మా?"

"నీది కాదే పిచ్చిదానా, నీ బిడ్డది."

గున్నమ్మ పొట్ట వంక వింతగా చూసుకుంది. తను వణికిపోతుంటే, లోపల ఆ చిటికెడు గుండె తన పని తాను చేసుకుపోతోంది! దండాసి గబుక్కున చెప్పులు విప్పేశాడు, గుళ్ళో నిలబడ్డట్టు.

"మరి నడవనా, మాననా?" అంది గున్నమ్మ.

"నడువు. గంటకోసారి పీట మీంచి లే. చల్లపూట నీడపట్టున నడువు. నడుస్తూ కబుర్లు చెప్పగలిగితే అదే నీకు సరైన నడక. మాట తెగిందా, ఆగు. కొండలొద్దు, బరువుల మోతలొద్దు. తల తిరిగినా, నొప్పొచ్చినా, రక్తం కనబడినా పరుగున కబురంపు."

మర్నాడు కార్ఖానాలో గున్నమ్మ లేస్తే మేస్త్రీ కసిరాడు. అప్పుడు పార్వతక్క లేచి నిలబడింది. ఆమె వెనక మరొకామె, ఆ వెనక వరసంతా! మేస్త్రీ పక్కకి తప్పుకున్నాడు. రోజూ వాకిట్లో కబుర్లు చెప్పుకుంటూ అందరూ నాలుగడుగులు వేశారు.

నెలలు నిండాయి. కానుపుకి పగలంతా పట్టింది. ఆడపిల్ల పుట్టింది. ఎవరు ఒళ్ళో పెట్టుకున్నా ఒకటే ఏడుపు. మూడోనాడు గున్నమ్మ మెల్లగా లేచి, పిల్లని గుండెకి హత్తుకుని నాలుగడుగులు వేసింది.

పాప ఠక్కున ఊరుకుంది. ఆ నడక తనకి తెలుసన్నట్టు కళ్ళు విప్పి చూసింది.

కథ నడిచి నడిచి కంచికి చేరె,
మన కళ్ళల్లోకి నిద్దర మెల్లగా దూరె!