చందమామ ఇంకా పడుతూనే ఉన్నాడు

ఒకప్పుడు ఏదీ కింద పడేది కాదు. పండు ముగ్గితే తొడిమ ఊడి గాల్లోకి తేలిపోయేది. కుండలో బియ్యం పోస్తే గింజలన్నీ పైకి లేచేవి. నీళ్లు గోళీల్లా తేలుతూ పోతుంటే, దాహమేసిన మేకలు మెడలు చాచి అందుకునేవి. సముద్రం పెద్ద ముద్దలా నేలను అంటిపెట్టుకుని వణుకుతూ ఉండేది.

మనుషులు మాత్రం నడుముకి తాడు కట్టుకుని, రెండో కొసను నేలలో పాతిన రాయికి ముడేసుకుని బతికేవారు.

సముద్రం ఒడ్డున గైరమ్మ అనే ఆవిడ ఉండేది. కొబ్బరి పీచుతో తాళ్లు పేనేది. ఆమెకు నాలుగేళ్ల కూతురు, పేరు చిన్నాలు.

ఒకరోజు పొద్దున్నే చిన్నాలుకి ఎర్ర తూనీగ కనిపించింది. ముట్టుకుందామంటే తాడు చాల్లేదు. అమ్మ అటు తిరగగానే పిల్ల ముడి విప్పేసుకుంది.

"అమ్మా, ఇటు చూడు! నేనూ ఎగురుతున్నా!"

గైరమ్మ తిరిగి చూసింది. చేతిలో ఉన్న తాడు విసిరింది. అందలేదు. మూడు తాళ్లు కలిపి ముడేసి విసిరింది. అప్పుడూ అందలేదు. చిన్నాలు కొబ్బరి చెట్లు దాటింది, కొంగల గుంపు దాటింది. నవ్వు ఆగిపోయి ఏడుపు మొదలైంది.

గైరమ్మ నేల మీద రెండు చేతులూ పెట్టి అడిగింది. "తల్లీ, నువ్వింత పెద్దదానివి కదా! నా పిల్లని పట్టుకోలేవా?"

"పట్టుకోవడానికి నాకు చేతులేవీ?" అంది భూమి.

గైరమ్మ కన్నీళ్లు తుడుచుకుని పైకి చూసింది. ఎదురుగా సూర్యుడు. ఆమెకి ఒక అనుమానం వచ్చింది.

"సూరీడయ్యా! నీ ఒళ్లంతా మంటే. మంటంటే ఎగిరిపోయేదే. మరి చెదిరిపోకుండా ఎలా ఉన్నావు? నీకూ చేతుల్లేవే!"

సూర్యుడు అన్నాడు: "నేనూ ఒకనాడు చీకట్లో తేలే దుమ్మునే. ఒక నలుసు పక్క నలుసుని 'రా' అని పిలిచింది. రెండూ కలిసేసరికి పిలుపు పెద్దదైంది. ఇంకొన్ని వచ్చాయి, ఇంకా పెద్దదైంది. వచ్చిన ప్రతి నలుసూ లోపలికి అదుముకుంటుంటే నా కడుపులో వేడి పుట్టింది. ఆ వేడికే వెలిగాను. ఆ పిలుపు ఆగిందా, ఈ క్షణమే చెల్లాచెదురైపోతాను. దూరాన మెరిసే చుక్కలన్నీ ఇలా పుట్టినవే."

గైరమ్మ గబుక్కున నేల వైపు తిరిగింది. "తల్లీ, నువ్వూ మట్టి నలుసుల ముద్దవేగా! అన్నిటినీ ఒక్కసారి పిలవమను!"

భూమి ఎప్పుడూ పిలిచి ఎరగదు. ముందు ఒక ఇసుక రేణువు సన్నగా 'రా' అంది. తర్వాత ఒడ్డు ఇసకంతా అంది. కొండలు అన్నాయి. లోపలెక్కడో ఉన్న బండలు అన్నాయి. సముద్రం అడుగునుంచి అంది.

తేలుతున్న బియ్యం టపటపా రాలాయి. మేకలు నాలుగు కాళ్ల మీద నిలబడి తెల్లబోయి చూశాయి.

చిన్నాలు అప్పటికే చాలా దూరం పోయింది. అంత దూరానికి పిలుపు సన్నగా వినిపించింది. పిల్ల పైకి పోవడం నెమ్మదించింది, ఆగింది, కిందికి తిరిగింది. దగ్గరయ్యే కొద్దీ వేగం పెరిగిపోతోంది.

"అయ్యో, నేలకి కొట్టుకుంటుంది! గాలీ, అడ్డం పడు!" అని గైరమ్మ అరిచింది.

భూమి పిలుపుకి గాలి కూడా దిగొచ్చి దట్టంగా కమ్ముకుని ఉంది. పిల్ల గౌను కిందికి దూరి గొడుగులా ఉబ్బించింది. చిన్నాలు మెల్లగా వచ్చి పీచు కుప్పలో పడింది. గైరమ్మ పిల్లని వాటేసుకుని ముద్దులు పెట్టింది, తర్వాత వీపు మీద ఒక్కటేసింది, మళ్లీ ముద్దులు పెట్టింది.

అంతలో ఊరంతా కేకలు. తన దారిన తాను ఎటో పోతున్న చందమామ కూడా ఆ పిలుపుకి లొంగి కిందికి వంగుతున్నాడు!

"నేను పడిపోతున్నానమ్మా!" అన్నాడు చందమామ భయంగా. "ఆగిపోనా?"

"ఆగావంటే నేరుగా మా నెత్తినే పడతావు! పక్కకి పరుగెత్తు, ఆగకు!" అంది గైరమ్మ.

చందమామ పక్కకి ఉరికాడు. ఉరుకుతూనే పడ్డాడు. కానీ అతను ఎంత కిందికి పడితే, గుండ్రటి భూమి అంతే కిందికి వంగిపోయింది.

"పడుతున్నాను, కానీ నేల తగలట్లేదు! ఎన్నాళ్లిలా పరుగెత్తాలి? అలిసిపోనా?"

"అక్కడ నీ కాలికి అడ్డం రాయుందా, ముల్లుందా? ఎదురుగాలైనా లేదు. నిన్ను ఆపేదెవరు?"

చందమామ ఆలోచించి నవ్వాడు. "నిజమే. అయితే నేనూ నలుసులవాడినే. నేనూ పిలుస్తాను," అని సముద్రాన్ని 'రా' అన్నాడు. నీళ్లు అతని వైపు ఉబికి లేచాయి.

అప్పటినుంచే చేతిలోంచి జారినవన్నీ నేలకే వస్తున్నాయి. సముద్రానికి ఆటుపోట్లు వచ్చాయి. చందమామ ఈ క్షణం కూడా మన మీదికి పడుతూనే ఉన్నాడు, పడుతూ పడుతూ మనల్ని దాటి పోతూనే ఉన్నాడు.